గుర్రం తల ఎట్టా ఉండాల

మా ఇంట్లో ఒక తెల్లగుర్రం ఉండాది. ఉదయగిరి చుట్టుపక్కల ఎవురింట్లో పెళ్లయినా, సాయిబుల బరాత్ అయినా మా నాయన దాన్ని తోలుకొని పోతాడు. పెళ్లికొడుకు ఎక్కినాక అది మెడ వంచి, గడ్డం రొమ్ముకు ఆనించి, డప్పుకు తగినట్టు అడుగులేస్తాది. జనం ఈలలే ఈలలు. ఆ మెడ దానంతట అది వంగింది కాదు. కళ్లెం నుంచి ముందుకాళ్ల సందులోంచి పొట్టపట్టీకి తాడు బిగించి కట్టుంటాడు నాయన. తాత కూడా అట్నే కట్టేవాడంట.

దాని నోరు కడిగేది నేను. కళ్లెం ఒరుసుకొని పెదాల మూలలు పుండ్లు పడినాయి. నాయనకు చెప్తే, "వెన్న పూయమ్మా, తగ్గిపోతాది" అంటాడు. పూస్తానే ఉన్నా. ముహూర్తాల నెలల్లో పుండు మానేదానికి టైమేది, నా ఖర్మ కాకపోతే!

మా అన్న బెంగళూరులో స్వారీ నేర్పే చోట పనిచేస్తాడు. పోయినేడు ఊరికొచ్చి, తాడు చూసి నాయన మీదికి లేసినాడు.

"దాన్ని తల దించి మెడ సాపుకోనియ్యాల నాయనా. వీపుకు సుఖం, ముందర నేల కనపడతాది. ఇట్టా కడితే దానికి ఊపిరే ఆడదు."

"మీ దొరల స్వారీ నాకు చెప్పబాకరా," నాయనకు ఒళ్లు మండింది. "తలకాయ యాలాడేసుకొని ఈసురోమని పొయ్యే గుర్రాన్ని ఏ పెళ్లికొడుకు ఎక్కుతాడు?"

ఇద్దరూ నా వైపే చూస్తారు. నాయన గుర్రంతోనే మమ్మల్ని సాకినాడు. కానీ ఆ నోరు కడిగినోళ్లకు తెలుస్తాది. అది ఒక్కరోజన్నా తల దించుకొని హాయిగా నడవాలని నా ఆశ.

ఆఖరికి అన్న బతిమాలినాడు. ఒక్క పెళ్లికి తాడు లేకుండా నడిపిద్దాం, ఊరేగింపు సక్కంగా జరిగితే తాడు అవతల పారేద్దాం అన్నాడు. నాయన సరేనన్నాడు.

ఆత్మకూరులో పెళ్లి. నేనూ పోయినాను. సాయంత్రం బజార్లో డప్పు మొదలైంది. తాడు లేదు, అన్న పగ్గం కూడా వదులుగానే పట్టుకున్నాడు. మా గుర్రం దానంతట అదే గడ్డం రొమ్ముకు ఆనించి, మెడ వంచి, నోరు తెరుచుకొని ఆడింది.

"చూసినావంట్రా! దానికే ఇష్టం," నాయన మొగం వెలిగిపోయింది.

"ఇష్టం కాదు నాయనా, భయం," అన్నాడు అన్న.

నాయన మాట తప్పే మనిషి కాదు. ఇంటికొచ్చి తాడు పొయ్యిలో వేసినాడు. పందెం గెలిచిన అన్న మాత్రం మొగం యాలాడేసుకొని బెంగళూరు బస్సెక్కినాడు.

పుండ్లు మానినాయి. మొన్న మా గుర్రం దొడ్లో ఒంటికి ఏమీ లేకుండా గడ్డి మేస్తా ఉంటే, డప్పు పాట పెట్టుకొని ఆటో ఒకటి రోడ్డున పోయింది. మేత వదిలేసి తల లేపి, గడ్డం రొమ్ముకు ఆనించి నిలబడింది.

"ఎంత ఠీవిగా ఉండాదో చూడమ్మా," నాయన అరుగు మీద నుంచి మురిసిపోతా ఉండాడు.

నేను ఉరికిపోయి రెండు చేతులతో దాని మెడ పట్టుకున్నా. "దించవే తల్లీ, తాడు లేదే!" దాని ఒళ్లంతా వణకతా ఉండాది. ఆటో మలుపు తిరిగి చప్పుడు ఆగిపోయినాక కూడా అది తల దించలా.