అంబాసిడర్‌లో ఊదుబత్తి

మదీనాగూడ ఎల్లేశానికి తన పాత అంబాసిడర్ అంటే ప్రాణం. మాదాపూర్‌లో కొత్త ఆఫీసులు లేచాక దాన్ని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక, వంటింటి గ్యాస్ సిలిండర్ తెచ్చి డిక్కీలో బిగించుకున్నాడు. ఆ రోజు నుంచి బండి బండిలా లేదు. డిక్కీలో పెట్టె పెట్టే జాగా పోయింది, ఎత్తు ఎక్కాలంటే ఇంజన్ ఆయాసపడేది, వాల్వులు మాడిపోయి రెండుసార్లు షెడ్డుకు పోయింది. అన్నిటికీ మించి లోపలంతా గ్యాస్ కంపు.

"జర ఆ గ్యాస్ పైపు మెకానిక్‌కు చూపియ్యరాదు?" అని భార్య నీలమ్మ పోరింది.

చూపిస్తే బండి మళ్లీ షెడ్డులో పడుతుందని ఎల్లేశం భయం. డాష్‌బోర్డు మీది ఎల్లమ్మ ఫొటో ముందు రోజూ వెలిగించే ఒక్క ఊదుబత్తిని మూడు చేశాడు. ఎక్కినవాళ్లు గుడిలో కూర్చున్నట్టుందని మెచ్చుకున్నారు. గ్యాసుకు ఆ కంపు కలిపేదే మనిషిని హెచ్చరించడానికని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

ఒక పొద్దున, రాత్రంతా అద్దాలు మూసి ఉన్న బండిలో కూర్చుని అగ్గిపుల్ల గీశాడు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చినా మొహం నిండా కట్లే. దీపం వేళకు నీలమ్మ అలవాటుగా అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీసిన చప్పుడుకు ఎల్లేశం గోడవైపు ముడుచుకుపోయాడు.

"వద్దే," అన్నాడు. "ఇగ అమ్మకు పూలు పెట్టు, చాలు."