శవం కొట్టిన దోమ

బుల్లిరాజు ఆ దోమను కావాలనే కొట్టాడని ఆకివీడు నుంచి ఏలూరు దాకా చెప్పుకుంటారు. హీరో వేషం ఇవ్వలేదన్న కడుపుమంటతో, శవం వేషంలో పడుకుని స్నేహితుడి సినిమాను ముంచేశాడట. చూసినవాళ్లు లేరు. ఒట్టు వేసేవాళ్లు మాత్రం కొల్లేటి పిట్టల కంటే ఎక్కువ.

ఏలూరులో మాస్టారుగా చేసిన శివరామయ్య, చేపల చెరువుకు కాపలా ఉండే బుల్లిరాజు చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఇరవై ఏళ్ల కిందట శివరామయ్యకు సినిమా పిచ్చి పట్టి, పోయిన తన తండ్రి కథనే ‘నాన్న ఎక్కిన పడవ’ అని తీశాడు. కొడుకు తండ్రి శవాన్ని పడవలో కొల్లేరు దాటించే సీను ప్రాణం పెట్టి తీశాడు. ఆ శవమే బుల్లిరాజు.

కొల్లేటి దోమంటే మాటలా! కోడిపిల్లంత ఉంటుంది. వచ్చి బుగ్గ మీద వాలింది. శవం చెయ్యి లేచింది. ఫట్! దూరం నుంచి తీసిన షాటు కావడంతో అప్పుడు ఎవరి కంటా పడలేదు. తాడేపల్లిగూడెంలో మొదటి ఆట నాడు తెరంతా పరుచుకుని కనబడింది. హాలు పగలబడి నవ్వింది. వారం తిరక్కుండా సినిమా ఎత్తేశారు. శివరామయ్య మళ్లీ కెమెరా ముట్టలేదు, బుల్లిరాజుతో మాట్లాడనూ లేదు.

మొన్నీమధ్య ఎవడో ఆ దోమ ముక్కను ఫోన్లలోకి వదిలాడు. ఇంకేముంది, కాలేజీ కుర్రాళ్లు చొక్కాల మీద దోమ బొమ్మలు వేయించుకుని, అదే తాడేపల్లిగూడెంలో సినిమా మళ్లీ వేయించారు. శివరామయ్యకు దండ వేసి తీసుకొచ్చారు. బుల్లిరాజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. సినిమా బతికింది కదా, ఇవాళైనా వాడు పలకరిస్తాడని ఆశ.

దోమ వాలగానే వెయ్యి చేతులు వెయ్యి బుగ్గల మీద ఫట్‌మన్నాయి. ఊళ్లో బియ్యం మిల్లుల్లో బస్తాల మీద పావురాలు అదిరి అత్తిలి దాకా ఎగిరిపోయాయంటే నమ్మండి. తెర మీద కొడుకు ‘నాన్నా’ అని ఏడుస్తున్నాడు. ఒక్కరికీ వినబడలేదు. శివరామయ్య తల ఎత్తలేదు.

ఆట వదిలాక కుర్రాళ్లు బుల్లిరాజును పట్టేశారు.

“అంకుల్, మీరేగా శవం! ఒక్కసారి కొట్టండంకుల్, ప్లీజ్!”

వాళ్లను విదిలించుకుని గేటు దగ్గర స్నేహితుణ్ణి అందుకున్నాడు.

“ఒరేయ్ శివరామా, కావాలని కాదురా. కుట్టిందిరా.”

శివరామయ్య మెడలో దండ తీసి అతని చేతిలో పెట్టాడు.

“బాగా చేశారండీ. మా నాన్న చావు చూసి ఇంతమంది నవ్వుతున్నారంటే, అంతా మీ చలవేనండీ.”

పలక పట్టిన నాటి నుంచీ ‘ఏరా’ అని పిలిచిన నోరు అది. ‘అండీ’ అనేసి ఏలూరు బస్సెక్కేసింది.

ఇప్పుడు చెరువు గట్టున ఏ బండి ఆగినా, దోమ కుర్రాళ్లేమోనని బుల్లిరాజు పాకలోకి దూరిపోతున్నాడు. ఊరుకోలేక నేనే వెళ్లి అడిగాను, నిజంగా కావాలనే కొట్టావా అని.

“ఆ శవం నేను కాదండీ. నేను సినిమాలో వెయ్యడమేంటండీ! బెంచీ మీద కూర్చోడానికి అసలు బడికే వెళ్లలేదు. ఆ మాస్టారెవరో నాకు తెలీదండీ.”