మాస్టారు మాటివ్వని ఏడు

వేళగాని వేళ చర్చి గంట మోగితే నేను కుట్టుమిషను ఆపి వింటాను. పది రోజుల కిందట ముసురులో అలాగే ఆపాను. మోకాళ్ళ దాకా బురదతో పల్లె నుంచి వచ్చిన మనిషి కొట్టు మెట్టెక్కకుండానే చెప్పాడు: “సాయిబూ, మాస్టారు పోయారు.” అప్పుడు నా చేతిలో ఉన్నది ఆయన చొక్కాయే. కాలరు తిరగేసి కుట్టమని ఇచ్చారు.

మాస్టారంటే ఊరికి అవతల, చేల మధ్య ఉన్న పల్లెలో మిషన్ బడి పంతులుగారు. చర్చి పెద్దా ఆయనే. నాకు ఆయన పాఠం చెప్పలేదు. నేను బడి మొహం ఎరగను. చీరాల నుంచి గుడ్డలు చుట్టుకొచ్చిన పాత పేపర్లు చూసి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. ఆయన రోజూ నా కొట్టుకొచ్చి పేపరు చదివి, ఏ మడత ఆ మడతలోనే పెట్టి ఇచ్చేవారు. టీ సగం గ్లాసే తాగేవారు. దారిలో గోడల మీద ఎన్నికల రాతల్లో తప్పులుంటే బొగ్గుముక్కతో దిద్దేవారు. ఏ పార్టీదని చూసేవారు కాదు.

అమెరికా సంగతులంటే ఆయనకు భలే ఇష్టం. ట్రాన్సిస్టర్లో ఇంగ్లీషు వార్తలు వినేవారు. అక్కడ నల్లవాళ్ళకు ఓటుందని కాగితం మీద రాసిపెట్టి కూడా, చదువు పరీక్షలు పెట్టి చాలాకాలం దాన్ని వాళ్ళ చేతికి రానివ్వలేదట.

“ఆ పరీక్ష నాకు పెడితేనో మాస్టారూ?” అన్నాను.

“అది తప్పించడానికే పెట్టే పరీక్ష సాయిబూ. నువ్వూ తప్పుతావు, నేనూ తప్పుతాను.”

ఇక మన ఎన్నికల సంగతి. ప్రతిసారీ పల్లెకు ఒక జీపు వచ్చేది. అందులోంచి దిగినాయన మాస్టారి చేతులు పట్టుకుని మాట తీసుకునేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు ఒక గుర్తు చెప్పేవారు. పల్లెంతా దాని మీదే ముద్ర గుద్దేది. మా సాయిబుల బజార్లోనూ అంతే, చెప్పే మనిషే వేరు. ఒక ఏడు మాత్రం జీపాయన పెద్ద ఆశే పెట్టాడు. ఓట్లన్నీ తమకే పడితే పల్లె నుంచి మెయిన్ రోడ్డు దాకా డొంకకు కంకర వేయిస్తామన్నాడు. నల్లరేగడి డొంక. వాన పడితే ఎద్దు కూడా ఆలోచించి అడుగేస్తుంది.

అప్పటికి కొద్ది నెలల ముందే అమెరికాలో ఎన్నికలయ్యాయి. కాయల మీద కప్పే పట్టా చిరిగితే, కుట్టడానికి కొలత చూద్దామని మిరపకళ్ళానికి వెళ్ళేసరికి, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళకు మాస్టారు ఆ సంగతే చెబుతున్నారు.

“పోటీలో ఎర్రకాయ ఒకడు, తెల్లబడ్డ తాలుకాయ ఒకడు. ఈ బుట్ట ఒక రాష్ట్రం. మీకు నచ్చింది వెయ్యండి.”

దీవెనమ్మ గట్టిగా నవ్వింది. “పొద్దుగూకులూ నేను కూర్చునేది తాలుతోనే. దానికే ఏస్తా.”

బుట్టలో ఎర్రకాయలే ఎక్కువ పడ్డాయి. మాస్టారు తాలుకాయలు తీసేసి, వాటి చోట ఎర్రవి వేశారు. “దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇంతే. ఒక్క కాయ ఎక్కువొచ్చినా బుట్టంతా వాడిదే.”

“అదేంది మాస్టారూ! నా కాయేది?”

“అక్కడి పద్ధతంతే దీవెనమ్మా.”

“ఓసోస్! ఇంతదానికి అమెరికా దాకా ఎందుకు? చర్చిలో మీరు చేసేదీ అదేగా!”

కళ్ళమంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వారు. కానీ తీసేసిన ఒక తాలుకాయను వేళ్ళ మధ్య తిప్పి తిప్పి, అదే చేత్తో కన్ను నులుముకున్నారు. కంట్లో నీళ్ళు కారం వల్లే అన్నారు. నేనూ సరేనన్నాను.

ఆ ఆదివారం చర్చి ముంగిట నేనూ నిలబడ్డాను. మాస్టారు లేచి, “రోడ్డు కావాలంటే అందరం ఒకే గుర్తుకు వెయ్యాలంట. ఆ సంగతి చెప్పడం వరకే నా పని. మాట మాత్రం నేనివ్వను. మీ ఓటుకు మీరే పెద్దలు” అన్నారు.

వెనక నుంచి ఒక కూలీ లేచాడు. “పోయిన వానల్లో నా పెళ్ళాన్ని పురిటికి మంచం మీద మోసుకెళ్ళాం. ఓటు సంగతి సరే మాస్టారూ, ఆ బురదకేం చెబుతారు?”

ఎన్నికల్లో ఎవరికి నచ్చిన గుర్తుకు వాళ్ళు వేశారు. ఓట్లు చీలాయి. కంకర పక్క ఊరికి పోయింది.

ఆ తర్వాత వాన పడినప్పుడల్లా నా కొట్టులో కూర్చుని అడిగేవారు: “తప్పు చేశానా సాయిబూ?”

చేశారనే అనేవాణ్ణి. “మనబోటి వాళ్ళకున్నది పిడికిలొక్కటే. దాన్ని విప్పేశారు.”

“పిడికిలి మంచిదేనోయ్. వేళ్ళు వాటంతటవే ముడుచుకోవాలి. ఇంకొకడు పట్టి మూస్తే ఎట్లా?” అనేవారు. మళ్ళీ, “మీ అమ్మగారు ఎవరికేసిందో నాకింతవరకూ తెలియదు తెలుసా!” అని భార్య గురించి చెప్పి మురిసిపోయేవారు. ఎవరి మాట నిజమో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

ఆయన పోయిన రోజు కాలరు పూర్తిచేసి పంపితే ఆ చొక్కాయే తొడిగారు. సమాధుల దొడ్డికీ ఆ డొంకే దారి. బురదకేం చెబుతారన్న మనిషే పెట్టెకు ముందు భుజం పెట్టాడు. దీవెనమ్మ పక్కనే నడుస్తూ, “నిదానంరా అయ్యా, కుదపబాకండి” అంటూనే ఉంది. నడుము లోతుకు దిగబడతామేమో అనిపించిన చోట, ఎవరూ పిలవకుండానే ఇంకొందరు వచ్చి భుజాలు కలిపారు.

తర్వాత వారం రోజులు ఎండ కాసింది. నిన్న వెళ్ళి చూశాను. డొంక గట్టిపడింది. పెట్టె మోసిన అడుగులన్నీ లోతుగా, ఒకదాని పక్కన ఒకటి, అలాగే అచ్చుపడి ఉన్నాయి. ఏది ఎవరిదో చెప్పలేం.