రాజలింగు మాస్టరుకు ముందే పాడిన మంగళం

నేనొక బతికున్న మనిషిని చంపాను. కంగారు పడకండి, పోలీసులకు పనిలేదు, చంపింది ఫోనులో. ఆ పని ఎంత శ్రద్ధగా, ఎంత శాస్త్రోక్తంగా చేశానో వింటే మీరే నాకు దండ వేస్తారు. పూలదా, చెప్పులదా అన్నది మీ ఇష్టం.

సూరత్ బమ్రోలిలో మా భజన మండలికి పురాణం చెప్పేవాణ్ణి నేనే. వారమంతా మరమగ్గాలు, శనివారం సాయంత్రం పురాణం. హార్మోనియం రాజలింగు మాస్టరు. ఆయన వేళ్ళు మెట్ల మీద పరుగెత్తితే మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె సిగ్గుపడేది. వయసులో ఉన్నప్పుడు ఆయన రెండు భజన క్యాసెట్లు చేశాడు: ఒకటి ఎర్రట్ట, ఒకటి పచ్చట్ట. సూరత్‌లో మా తెలుగువాళ్ళు కొత్త మనిషి కనబడితే ఊరు, ఇంటిపేరు తర్వాత అడుగుతారు. ముందు అడిగేది, "నువ్వు ఏ అట్ట?"

కరోనా రెండో ఏడు మాస్టరు ఊపిరందక ఆసుపత్రిలో చేరాడు. మూడో రోజు మండలి వాట్సాప్ గ్రూపులో ఆయన గొంతు వినబడింది, మాటకొక దమ్ము తీసుకుంటూ నన్నే పిలుస్తూ.

"సత్తెన్నా... ఈడ మిషన్ల చప్పుడు తప్ప... ఏం ఇనబడ్తలేదు. మన భజన... ఏదన్న పంపు. పానం నిమ్మలమైతది."

ఏదన్న! అభిమానుల ముందు అనవలసిన మాటేనా అది?

"ఎర్రట్ట పంపుర్రి," అన్నాడు జోల్వాలో మగ్గాల మేస్త్రీగా చేసే కొమురయ్య. "అండ్ల మాస్టర్ చెయ్యి గుర్రం లెక్క ఉరుకుతది."

"గుర్రమే గని కళ్ళెం లేదు కొమురన్నా," అన్నాను నేను. " పచ్చట్ట ఇను. ఒక్క మెట్టు మీద వేలు ఆపి దేవుణ్ణి పిలుస్తడు."

"పిలుసుడు గాదు, పాట మర్శిపోయిండు. పక్కన తాళం కొట్టింది నేనే, నాకెరుక!"

"తాళం కొట్టెటోనికి స్వరం ఏమెరుక?"

"పురాణం చెప్పెటోనికి ఎరుకనా?"

ఇక నేను శాస్త్రం తీశాను. ఎర్రట్టలోవన్నీ పొద్దుటి రాగాలనీ, పొద్దువాలాక రోగికి వినిపిస్తే దోషమనీ చెప్పాను. అది ఏ శాస్త్రంలో ఉందో నేటికీ వెతుకుతున్నాను.

ఐదు రోజులు! ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడే నయం. మేం ఏ చుట్ట గొప్పదో తేల్చుకుంటూ కూర్చున్నాం. మొసలి నోట పడ్డ ఏనుగు మొరపెడితే స్వామి శంఖచక్రాలు కూడా మరిచి పరుగెత్తుకొచ్చాడని ఇరవై ఏళ్ళుగా కళ్ళనీళ్ళు పెట్టుకొని చెప్పినవాణ్ణి నేను.

ఐదో రోజు కొమురయ్య అలిసిపోయాడు. "పంపుకో పో," అన్నాడు. ధర్మం గెలిచింది! పచ్చట్ట క్యాసెట్టు పాత టేపు రికార్డరులో పెట్టి, పక్కన మా ఆవిడ ఫోనులో రికార్డింగు నొక్కి, నేను నా ఫోను పట్టుకొని బయటికి నడిచాను. ఓడినవాడికి నాలుగు నీతివాక్యాలు రాయాలి కదా! వచ్చి, ఆ రికార్డు వినకుండానే గ్రూపులో పెట్టాను. ముందు అట్ట మీది మాస్టరు ఫోటో. దాని కింద "మన రాజలింగు మాస్టరు" అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఆ క్యాసెట్టును వెనక్కి తిప్పలేదని నాకు తట్టలేదు. టేపు చివరి పాట దగ్గర ఆగి ఉంది. భజనలో చివరి పాట ఏదో మీకు తెలుసు: మంగళం. అది పాడితే హారతి ఇచ్చి లేవడమే.

ఫోటో, జోడించిన చేతులు, మంగళం. ఆ రోజుల్లో ఈ మూడూ కలిస్తే ఒకటే అర్థం. నిమిషం తిరక్కముందే "ఓం శాంతి" ఒకటి పడింది. తర్వాత వాన. కొమురయ్యయితే ఏడుస్తూనే రాశాడు: "ఓం శాంతి. మహానుభావుడు. ఏమన్న అనుర్రి, ఎర్రట్ట అసొంటిది మళ్ళ రాదు."

ఫోను మోగింది. మాస్టరు భార్య భూదవ్వ.

"అన్నా, దవాఖానోళ్ళు నాకన్న ముందు నీకు చెప్పిండ్రా? ఎప్పుడు పోయిండే?"

"ఎవరు వదినే?"

"ఎవరంటవేందే! పక్కింటోళ్ళొచ్చి నా గాజుల దిక్కు సూస్తున్నరు!"

పోలేదని ఆమెకు ఒట్లు పెట్టి చెబుతుండగానే గ్రూపులో మాస్టరు గొంతు వచ్చింది.

"నేనే... ఉన్న. ఓం శాంతులన్ని సదివిన. కొమురయ్యా... నా సావు కింద గూడ ఎర్రట్టేనారా? ఐదు దినాలాయె... ఏ క్యాసెట్టని కొట్లాడిన్రు గని... ఊపిరి ఆడుతుందా మాస్టర్ అని... ఒక్కడడిగిండా?"

ఎవరో ఒకరు ఏదో అనాలి. పెద్దవాణ్ణి, పురాణం చెప్పేవాణ్ణి, నేనే పూనుకున్నాను.

"తప్పయింది మాస్టర్. ఇంతకు మీకే అట్ట ఇష్టం?"



మాస్టరు కోలుకున్నాడు. మళ్ళీ భజనలు మొదలైన తొలి శనివారం హార్మోనియం మోసుకొని వచ్చాడు. మా ప్రాణాలు లేచివచ్చాయి. కొమురయ్య పరుగెత్తి చాప పరిచాడు. మాస్టరు కూర్చొని, గణపతి ప్రార్థనైనా కాకముందే మంగళం ఎత్తుకున్నాడు. మధ్యలో రెండుసార్లు దమ్ముకు ఆగి, పూర్తిగా వాయించి, తిత్తి మూసి గొళ్ళెం పెట్టాడు.

"ఏంది మాస్టర్, అప్పుడేనా?" అన్నాడు కొమురయ్య.

"సత్తెన్న ఓ మాట అడిగిండు గద, జవాబు తెచ్చిన. నాకు ఇదే ఇష్టం. నాకు మీరు మంగళం పాడంగ బతికుండి ఇన్న."

హార్మోనియం ఎత్తుకొని వెళ్ళిపోయాడు. ఇప్పుడు సూరత్ పక్కన కిమ్ ఊళ్ళో ఇంకో మండలికి వాయిస్తాడు. మా భజన ఉత్త తాళాల మీద నడుస్తోంది, కొట్టేది కొమురయ్యే.

అందుకే ఆ దేవుడి పాదాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట మంచాన పడ్డవాడు పాట అడిగితే, చేతికందిన పాట పంపుతాను. ఏదీ చేతికందకపోతే నేనే పాడతాను. నా గొంతు విని పోతే పోతాడు. కనీసం ఎదురుచూస్తూ పోడు.