పాముగారూ, కాస్త ఇటు తిరగండి

రాజోలు దగ్గర ఒక ఊళ్లో సైన్సు మాస్టారు ఏలీయా గారు పాములకు తప్ప ఇంకెవరికీ మర్యాద ఇచ్చేవారు కాదు. తిట్టినా చివర 'అండీ' తగిలించే కోనసీమలో పుట్టి, హెడ్మాస్టరునే "ఏవయ్యా" అని పిలిచే మనిషి, వసారాలో పాముల పెట్టెల దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విడిచి, మూత మీద వేలితో తట్టి, "రావచ్చాండీ?" అని అడిగేవారు.

ఎవరింట్లో పాము దూరినా మాస్టారికే కబురు. పట్టి తెచ్చి, కొన్నాళ్లు పెట్టెలో ఉంచి, ఫొటో తీసి, గోదావరి లంకల్లో వదిలేసేవారు. ఒక్కో పాముది ఒక్కో గుణం. విషం లేకపోయినా నీరుకట్టు కోపిష్టిది. చెయ్యి పెడితే కరిచేది. "తప్పు నాదేనండీ, చెప్పకుండా ముట్టుకున్నాను," అంటూ మాస్టారు నెత్తురు తుడుచుకునేవారు. జెర్రిపోతుకు నిలకడ లేదు. కెమెరా సరిచేసుకునేలోగా దూలం మీదుండేది. త్రాచును మాత్రం కొక్కెం కర్రతో దూరం నుంచే బయటికి తీసేవారు. అది పడగ విప్పి, పెళ్లిలో వియ్యపురాలిలా బిగుసుకుని కూర్చునేది. "కాస్త ఇటు తిరగండి. ఆయ్, అలాగేనండీ!"

ఇదంతా చూసి ఆయన భార్య దీనమ్మకు ఒళ్లు మండిపోయేది. భయంతో కాదు, అసూయతో.

"ఏదెను తోటలో హవ్వతో పాము మాట్లాడిందంట. నా కొంపలో మొగుడే పాముతో మాట్లాడుతున్నాడు," అనేది పక్కింటి కాంతమ్మతో. "పెళ్లయిన కాణ్ణించి నన్ను 'తిన్నావా' అన్న పాపాన పోలేదు. ఆవిడగారికి మాత్రం 'కప్ప సరిపోయిందాండీ' అంట!"

హాలు గోడనిండా పాముల ఫొటోలే. దీనమ్మకున్న ఒకే ఒక ఫొటో ట్రంకుపెట్టె అడుగున ఉంది. పెళ్లినాడు స్టూడియోవాడు "కదలకు! రెప్ప వెయ్యకు!" అని అరిస్తే, బెదిరిపోయి రెండు కళ్లూ గట్టిగా మూసేసుకున్న ఫొటో అది. మళ్లీ కెమెరా ముందు కూర్చోనని అప్పుడే ఒట్టేసుకుంది.

పంతొమ్మిదివందల ఎనభైలో చర్చి స్త్రీల సమాజానికి రజతోత్సవం వచ్చింది. ఆ సందర్భంగా తెచ్చే సంచికలో కార్యదర్శి ఫొటో వెయ్యాలి. కార్యదర్శి దీనమ్మే. ఆదివారంలోగా ఇవ్వకపోతే సహాయ కార్యదర్శి ఎలీసమ్మ ఫొటో వేస్తారు. ఎలీసమ్మ ఎందుకైనా మంచిదని అప్పటికే పట్టుచీర కట్టుకుని అమలాపురం వెళ్లి ఫొటో దిగి వచ్చింది.

దీనమ్మ ఒట్టు గట్టున పెట్టింది. "ఏవండీ, నాదీ ఒకటి తియ్యండి. ఆ త్రాచుకన్నా తీసిపోయేనా?"

"అది రెప్ప వెయ్యదు."

"దానికి రెప్పలెక్కడున్నాయండీ వెయ్యడానికి!"

శుక్రవారం సాయంత్రం వసారాలో కుర్చీ వేశారు. "కదలకు," అన్నారు మాస్టారు. కెమెరా టిక్కుమంది. దీనమ్మ కళ్లు మూసేసింది. ఇంకోసారి. మళ్లీ మూసేసింది. మూడోసారికి గడ్డం వణికింది, మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి.

"వద్దులెండి. ఎలీసమ్మదే వేసుకోమనండి."

మాస్టారు కెమెరా దించారు. తర్వాత చెప్పులు విడిచారు. కుర్చీ చేతి మీద వేలితో మెల్లగా తట్టారు.

"దీనమ్మగారూ, రావచ్చాండీ?"

దీనమ్మ కళ్లు తెరిచింది.

"తొందరేం లేదండీ. మీకు ఇష్టమైనప్పుడే ఇటు తిరగండి."

"నన్ను కూడా పెట్టెలో పెట్టేస్తారేంటండీ?" అంటూ దీనమ్మ ఫక్కున నవ్వింది. కెమెరా టిక్కుమంది.

నవ్వాక మళ్లీ కోపం గుర్తొచ్చింది. "ఇన్నాళ్లూ లేని మర్యాద ఇవాళెందుకో?"

"నేనంటే నీకు భయమెక్కడిది? ఉంటే రోజూ 'అండీ' అనేవాణ్ణే," అన్నారు మాస్టారు ఫిల్ము తిప్పుతూ. "పాము కనపడితే చాలు, ఊరంతా కర్రలు పట్టుకుని 'కొట్టండ్రా' అంటారు. బెదిరిపోయినదాంతో ఒక్కడైనా మర్యాదగా మాట్లాడొద్దా? ఇవాళ నువ్వూ అలాగే వణికావు."

ఆ రాత్రి పెట్టెల్లో నీళ్లగిన్నెలు దీనమ్మే నింపింది.

సంచికలో ఆమె నవ్వు పేజీలో సగం ఆక్రమించింది. ఎలీసమ్మ ఆ పేజీ తెరవనే లేదట. మాస్టారు ఆ ఫొటోనే పెద్దది చేసి, హాల్లో త్రాచు పక్కన తగిలించారు. దీనమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఆవిడ మేకు నా మేకుకన్నా పైనుందేంటండీ?"

"దింపమంటావా?"

"దింపండి."

వంటింట్లోకి వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"అడిగి దింపండి, పాపం."