ఎత్తిపోసుకున్న ఏల్

అక్టోబరు, శుక్రవారం సాయంత్రం. స్థలం: చికాగో నడిబొడ్డున, రైలు వంతెన నీడలో ఉన్న ఒక పాత పబ్బు. హాజరైనవారు: మా మేనేజరు మీసాలాయన, డ్రాయింగు సెక్షన్ ఎడంచేతాయన, నిచ్చెన అని మేం చాటుగా పిలుచుకునే పొడుగాటి ఇంజనీరు, పబ్బు యజమానురాలు, మా బావగారు, నేను.

ఆ రోజుల్లో, నేర్చుకున్న విద్యల్లో ఏది ఎక్కడ పనికొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. కాలేజీలో నేను రాత్రింబగళ్ళు బట్టీపట్టిన సూత్రాల్లో సగం అమెరికాలో నన్నెవరూ అడగలేదు. మా నాయనమ్మ వంటింటి గడప దగ్గర నేర్పిన ఒక్క విద్యని మాత్రం ఊరు నడిమధ్య, అందరి ఎదుటా పరీక్ష పెట్టారు. ఇప్పుడు నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, డాక్టరు చెప్పినట్టు బుద్ధిగా స్ట్రాతో మంచినీళ్ళు తాగుతూ పాత డైరీలు తిరగేస్తుంటే, ఆ పేజీ దగ్గర చెయ్యి దానంతటదే ఆగుతుంది.

అప్పటికి నేను మంచినీటి పైపులు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో చేరి కొద్ది నెలలే అయింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. షామ్‌బర్గ్‌లో అక్కా బావగార్ల అపార్ట్‌మెంట్‌లో మకాం. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మీసాలాయన సంతకం పెట్టాలి. ఆయన ఆ సోమవారమే పెడతారనీ, లేకపోతే అసలు పెట్టరనీ ఆఫీసులో చెప్పుకుంటున్నారు. సరిగ్గా ఆ ముందు శుక్రవారం ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, "ఇవాళ సాయంత్రం మాతో రావాలి. కొత్త పీపా తెరుస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు రావడం మా టీమ్ ఆచారం" అన్నారు. నాకు మందు అలవాటు లేదు, కారు నడపడం కూడా రాదు. బావగారికి ఫోన్ చేశాను.

"వెళ్ళక చస్తావా! నేను డ్రైవ్ చేస్తా పద. అదేం బ్రాందీ కాదురా, రియల్ ఏల్ అని ఒక పాతకాలపు బీరు. గ్యాస్ ఉండదు, ఐస్ ఉండదు. పీపాలోనే పులిసి, కింద సెల్లార్ నుంచి చేతిపంపుతో తోడి పోస్తారు. చల్లారిన టీ అనుకో. ఒక్క గుటక వేసి నవ్వు. కానీ ఒరేయ్, అక్కడ నీ వేషాలు మాత్రం వెయ్యకు. ప్రొబేషన్‌లో ఉన్నావ్!"

నా వేషాలంటే వేరే ఏం లేదు, ఎంగిలి. మా ఇంట్లో చెంబు అంచు పెదవికి తగిలిందంటే నాయనమ్మ దాన్ని మళ్ళీ చింతపండుతో తోమించేది. అన్నదమ్ములమంతా తల వెనక్కి వాల్చి, చెంబు జానెడు ఎత్తున పట్టి, గుటక చప్పుడు కాకుండా గొంతులోకి ధార పోసుకోవాల్సిందే. చొక్కా తడిస్తే ఇంకో వారం ప్రాక్టీసు. (బావగారు కూడా ఈ విద్యతోనే మా ఇంటికి అల్లుడయ్యారు. అమెరికా వచ్చాక మగ్గుల్లోకి మారి అంతా మరిచిపోయారు.)

పబ్బు లోపల అంతా ముదురురంగు చెక్క. బల్ల వెనక పొడుగాటి కర్ర పిడులతో చేతిపంపులు. యజమానురాలు పిడిని నిదానంగా తన వైపు లాక్కుంటుంటే, మా ఊరి బోరింగు గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది. ఆవిడ నింపింది గ్లాసులు కాదు, పిడి ఉన్న ఒకే ఒక పెద్ద తగరపు కప్పు. అప్పుడు తెలిసింది నాకు ఆచారం పూర్తిగా. కొత్త పీపా తెరిచిన రోజు ఒకే కప్పు చేతులు మారుతుంది. కొత్తవాడి వంతు చివర. మిగిలిందంతా వాడే ఖాళీ చెయ్యాలి.

నేను పద్ధతిగల మనిషిని. కంగారు పడకుండా కప్పు అంచుని మనసులో భాగాలు చేసుకుని, ఎవరి మూతి ఎక్కడ తగులుతుందో గమనించడం మొదలుపెట్టాను. మీసాలాయన ముందు భాగం మొత్తం ఆక్రమించారు (మీసాలకే చాలా చోటు పట్టింది). నిచ్చెన ఆయనకి ఎదురువైపు తాగాడు. పిడి పక్కన కాస్త శుభ్రమైన చోటు మిగిలింది. నేను ఊపిరి పీల్చుకునేలోగా ఎడంచేతాయన తన పేరు నిలబెట్టుకుంటూ కప్పుని ఎడమ చేత్తో అందుకుని, సరిగ్గా అక్కడే పెదవి ఆనించి తాగాడు. కప్పు నా చేతికొచ్చింది.

"చేతి రుమాలుతో తుడవనా?" అన్నాను తెలుగులో.

"తుడిచావంటే కొంప మునుగుతుంది. కళ్ళు మూసుకుని తాగెయ్ రా!" అన్నారు బావగారు పళ్ళ మధ్య నుంచి.

కళ్ళు మూసుకున్నాను. అంతే, తల దానంతటదే వెనక్కి వాలింది, చెయ్యి దానంతటదే పైకి లేచింది. కప్పు జానెడు ఎత్తున నిలిచింది. గోధుమరంగు ధార గొంతులోకి దిగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే నెత్తి మీద వంతెన పైన రైలొచ్చింది. అలమరల్లో గ్లాసులు గలగలలాడాయి. ధార కాస్త పక్కకి ఊగింది. "ఒరేయ్, కాలర్! కాలర్!" అని బావగారు అరవడం వినబడుతోంది. ఒక్క గుటకతో సరిపెట్టాలనే అనుకున్నాను గానీ, మా ఇంటి చదువులో చెంబు ఖాళీ కాకుండా గొంతు మూసే పాఠం లేదు. రైలు వెళ్ళిపోయింది. కప్పు ఖాళీ అయింది. చొక్కా పొడిగా ఉంది.

కప్పు బల్ల మీద బోర్లించి చూపించాను.

ఎడంచేతాయన మొహం ఎర్రబడింది. "మేం తాగిన కప్పు ముట్టుకోడానికి ఇతనికి అసహ్యం అన్నమాట" అన్నాడు. మీసాలాయన నవ్వలేదు. "కప్పు పెదవికి తగలాలి. అదీ ఇక్కడి ఆచారం" అన్నారు మెల్లగా. నా ఉద్యోగం కాగితం ఆ తడి బల్ల మీద నానిపోవడం నాకు స్పష్టంగా కనబడింది. బావగారు 'సారీ' అని మొదలుపెట్టబోయారు. నేను ఆపాను. ఎందుకో ఆ క్షణంలో సారీ చెప్పబుద్ధి కాలేదు.

"అసహ్యం కాదు సార్. మా అమ్మ తాగిన గ్లాసైనా నేను ఇలాగే తాగుతాను. నా పెదవి తగిలిన దాన్ని తర్వాతి మనిషి చేతికి ఇవ్వకూడదు. అది మా ఇంట్లో మర్యాద" అన్నాను.

యజమానురాలు కప్పు అందుకుని అంచు చుట్టూ వేలితో రాసి చూసింది. "ఎలా ఉంది నా ఏల్?" అంది. కొత్తవాళ్ళంతా చల్లగా లేదనీ, నురగ లేదనీ పెదవి విరుస్తారట. నేను నిజమే చెప్పాను. "మా నాయనమ్మ తరవాణిలా ఉందండీ. కుండలో గంజి పులవబెట్టి పొద్దున్నే ఇచ్చేది. ఆ కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసేది కాదు, బతికున్న కుండ అనేది."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "విన్నారా? నా పీపాలు కూడా బతికే ఉంటాయని వీళ్ళకి ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాను. మీ నాయనమ్మకి అర్థమైంది!" అని పంపు లాగి కప్పు మళ్ళీ నింపి మీసాలాయన ముందు పెట్టింది. "ఇప్పుడు నువ్వు అతనిలా తాగు చూద్దాం."

ఆయన కప్పు ఎత్తారు. మొదటి ధార మీసాల్లోకి, రెండోది టైలోకి పోయింది. మూడోది ముక్కులోకి వెళ్ళేసరికి ఎడంచేతాయనే ముందు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే నా దగ్గరికొచ్చి, "ఎడమ చేత్తో పనికొస్తుందా ఇది?" అని అడిగాడు. (నాయనమ్మ ఒప్పుకోదు గానీ, పనికొస్తుందనే చెప్పాను.) ఇంటికెళ్ళే దారంతా నేను బావగారికి ధారల వేగం గురించి ఆపకుండా ఉపన్యాసం ఇచ్చానట. ఆ భాగం నా డైరీలో లేదు. ఆయన చెప్తే తెలిసింది.

మర్నాడు పొద్దున అక్క పెసరట్లు వేస్తుండగా ఫోన్ మోగింది. మీసాలాయన. బావగారు అట్టు ముక్క నోటి దగ్గరే ఆపి, "అయిపోయింది. టికెట్ బుక్ చేసుకో" అని గొణిగారు.

"కాగితం సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు, గుటక ఎప్పుడు వెయ్యాలి?" అంది అవతలి గొంతు.

"వెయ్యకూడదు సార్. గొంతు తెరిచి ఉంచి, ఊపిరి బిగబట్టాలి."

కాసేపు నీళ్ళ చప్పుడు. తర్వాత పొలమారిన దగ్గు. వెనకాల ఎవరో ఆడమనిషి విరగబడి నవ్వడం. మళ్ళీ ఆయన గొంతు: "సోమవారం మంచి పెన్ను ఒకటి తెచ్చుకో. ఆ కాగితం మీద నువ్వు కూడా సంతకం పెట్టాలి."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి, బావగారు సింక్ దగ్గర స్టీలు గ్లాసు ఎత్తి పట్టుకుని, బొడ్డు దాకా తడిసి నిలబడి ఉన్నారు. అక్క అట్లకాడ పట్టుకుని నవ్వలేక చస్తోంది. "అలా కాదు బావగారూ, ఇలా" అని గ్లాసు అందుకున్నాను. తల వెనక్కి వాల్చి, చెయ్యి జానెడు ఎత్తి, ధారగా పోసుకున్నాను. స్ట్రా ఎరగని ఆ కుర్రాడి చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు.