పారిస్ రాజమల్లు దాచుకున్న బాణీ

కొత్తవాడలో పారిస్ రాజమల్లు అంటే తెలియనివాడు లేడు. పారిస్ ఎక్కడ, ఆయనెక్కడ! సికింద్రాబాద్‌లో పాతసామాన్ల దుకాణంలో కొన్న క్లారినెట్ మీద ఆ ఊరి పేరు చెక్కి ఉంది, అంతే. ఫ్రాన్స్‌లో పాట కట్టినవాడి పేరు కాగితానికెక్కి వందల ఏళ్లు నిలుస్తుందని అమ్మినాయన చెప్పాడట. మన రాజమల్లు పెళ్లి బ్యాండుకు నలభై ఏళ్లపాటు బాణీలు కట్టాడు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. జనం ఎగిరారు, తిన్నారు, పోయారు.

ఒక్క బాణీని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది ఆయన భార్య కట్టమ్మది. పెళ్లయిన కొత్త నుంచీ గల్లీ మలుపులో ఆయన అది ఊదితే చాలు, మగ్గం మీద జంపఖానా నేస్తున్న ఆమె "ఆ, వత్తాన!" అని లోపలినుంచి పలికేది.

పెళ్లిళ్లు లేని నెలల్లో ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోశాడు. ఆ ఘాటు ఊపిరితిత్తుల్ని తినేసింది. ఊదుడు బంద్ చెయ్యమన్నారు దవాఖానలో. శిష్యుడు రాకేష్ ఫోన్ పట్టుకుని వెంటపడ్డాడు.

"కాకా, గా బాణీ జర రికార్డు చేస్తనే. పోతే మళ్ల రాదు."

"నీ ఫోన్ల పడితే రేపు డీజేల మోగుతది. అది నా ఇంటిదిరా, బజారుది కాదు."

మొండిఘటం! చెబితే వినే రకమా?

మొన్న చలికాలంలో కట్టమ్మ మంచం పట్టింది. "నేను పోయిన్నాడు సినిమా పాటలు కొట్టియ్యకు. నా బాణీ నువ్వే ఊదాలె," అంది.

"ఊదుత," అన్నాడు దగ్గుతూనే.

వారానికి ఆమె పోయింది. దింపుడుకల్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలిందేమోనని చెవిలో మూడుసార్లు పిలవాలి. పిల్లల్లేరు కనుక పిలవవలసింది రాజమల్లే. బ్యాండు ఆగింది. ఆయన పేరు పెట్టి పిలవలేదు, క్లారినెట్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. మొదటిసారి ఉత్త గాలి. రెండోసారి దగ్గు. మూడోసారి రెండు స్వరాలు పలికి ఊపిరి తెగింది. అయ్యో, అందరూ కట్టమ్మ ముఖంకేసే చూశారు, ఎప్పటిలాగే పలుకుతుందేమోనని!

"తర్వాత ఏందే కాకా? చెప్పు, నేనందుకుంట," రాకేష్ ఏడుస్తూ పక్కన కూలబడ్డాడు. రాజమల్లు పాడబోయాడు. దగ్గు తప్ప ఏమీ రాలేదు.

"పొద్దుగూకుతాంది, లేపుండ్రి," అన్నారు పెద్దలు. బ్యాండువాళ్లు తమకు వచ్చిన సినిమా పాటే అందుకున్నారు. పాడె వెనుక నడుస్తూ రాజమల్లు క్లారినెట్‌ను గుండెకు ఆనించుకున్నాడు. శ్మశానం దాకా ఆయన వేళ్లు మీటల మీద ఆ బాణీని మొదటినుంచి చివరిదాకా నడిపిస్తూనే ఉన్నాయి. ఒక్క స్వరమూ వినబడలేదు.